ఆరని ఎర్ర తువ్వాళ్ళు

హైమ మారవెక్కియాకి ఎప్పుడూ వెళ్ళలేదు. అయినా ఆ ఊళ్ళో ఎవరైనా దారి తప్పి ఆవిడకి ఫోన్ చేస్తే, ఇంగ్లండులో రీడింగ్ అనే ఊళ్ళో తన స్టవ్ ముందునుంచి కదలకుండా, పోపు మాడకుండా, వాళ్ళని రేవు దాకా దింపగలదు.

సిసిలీ దీవికి పడమటి అంచున ఆవగింజంత ఊరది. బస్సు దిగగానే ఎడమచేతి వైపు రొట్టెల కొట్టు. కొట్టు పక్క సందులోంచి సముద్రానికి దిగే రాతిమెట్లు, డెబ్భై రెండు. నలభయ్యో మెట్టు దగ్గర ఎవరిదో పిట్టగోడ, దాని మీద తీగ, తీగ మీద రెండు ఎర్ర తువ్వాళ్ళూ ఒక ఒంటి మేజోడూ. రెండో మేజోడు ఏమైందో హైమకి తెలీదు. తన ఇంట్లోనూ అదే పరిస్థితి కాబట్టి పెద్దగా పట్టించుకోలేదు. ఆ కింద మెట్టు మీద ఒక ముసలాయన, కాలు ఎత్తి, దించబోతూ ఉంటాడు. ఇంకా దిగితే రేవు, రేవులో బోర్లించిన నీలం పడవ. పడవ వెనక నాలుగొందల ఏళ్ళనాటి రాతికట్టడం. అందులో సూరచేపల్ని ఉప్పులో వేసి పీపాలకెత్తేవాళ్ళట. అది దాటితే సముద్రంలోకి పొడుచుకుపోయిన రాళ్ళకట్ట. కట్ట చివర, ఓడదొంగలు వస్తున్నారేమోనని కాపలా కాయడానికి కట్టిన బురుజు. బురుజు దగ్గర దారి కుడివైపు మలుపు తిరుగుతుంది.

అక్కడితో సరి. మలుపు అవతల ఏముందో హైమకి తెలీదు.

ఎందుకంటే ఆవిడ తిరిగేదంతా ఫోను మ్యాపులో. ఎవరో పుణ్యాత్ముడు వీపుకి కెమెరా కట్టుకుని ఒక ఎండాకాలం పొద్దున ఆ సందులన్నీ నడిచాడు. బాణం గుర్తు నొక్కితే నాలుగడుగులు, మళ్ళీ నొక్కితే ఇంకో నాలుగు. బురుజు దాకా వచ్చాక ఆ పుణ్యాత్ముడికి కాళ్ళు లాగాయో, కాఫీ గుర్తొచ్చిందో, వెనక్కి తిరిగిపోయాడు. అక్కడ బాణం లేదు. ఎంత నొక్కినా బొమ్మ బొంగరంలా గిర్రున తిరుగుతుందే తప్ప ముందుకు పోదు.

అసలు ఈ పిచ్చి టీవీతో మొదలైంది. అంతకు ముందేడు ఒక మధ్యాహ్నం ఇస్త్రీ చేసుకుంటూ ఏదో యాత్రల కార్యక్రమం పెట్టుకుంది. టోపీ పెట్టుకున్న ఒకావిడ ఆ మెట్లన్నీ దిగి, కట్ట చివరిదాకా నడిచి, బురుజు పక్కన నిలబడి, "ఇప్పుడు మీరు చూడబోయేది..." అంటూ మలుపు తిరగబోయింది. సరిగ్గా అప్పుడే కాలింగ్ బెల్ మోగింది. పక్కింటివాళ్ళ పార్శిలు. సంతకం పెట్టి వచ్చేసరికి టీవీలో టాయిలెట్ క్లీనర్ ప్రకటన వస్తోంది. ఆ కార్యక్రమం మళ్ళీ ఎక్కడా దొరకలేదు. పక్కింటావిడ మాత్రం థాంక్స్ చెప్పింది.

బాపట్లలో చరిత్రతో బీయే చేసి, పెళ్ళి చేసుకుని, పద్దెనిమిదేళ్ళుగా రీడింగ్‌లో ఇల్లు దిద్దుకుంటున్న మనిషికి, జీవితంలో చూడకుండా మిగిలిపోయినవి బోలెడు. వాటన్నిటికీ హైమ ఎప్పుడో నీళ్ళొదిలేసింది. ఈ ఒక్కదానికే ఎందుకో వదల్లేకపోయింది. రోజూ పదకొండున్నరకి, గిన్నెలయ్యాక, ఊరు ఒక చుట్టు చుట్టి వచ్చేది. సూర్యలంక సముద్రం పక్కన పెరిగిన మనిషికి రీడింగ్‌లో ఉన్నది థేమ్స్ నది ఒక్కటే. అది కూడా ఎప్పుడు చూసినా ఆఫీసునుంచి అప్పుడే వచ్చినట్టు నీరసంగా ఉంటుంది.

"ఈ సమ్మర్‌కి మీ మారవెక్కిరింతకి పోదాంలే," అన్నాడు భర్త చక్రి, ఏ కళనున్నాడో ఒకరోజు. "సెప్టెంబర్లో లాస్య నాటింగ్‌హామ్ యూనివర్సిటీకి పోతుంది. మళ్ళీ ముగ్గురం కలిసి ఎప్పుడు తిరుగుతామో."

ఆ మాటకి హైమ ఆ పూట బంగాళాదుంపల వేపుడు ఇంకొంచెం ఎక్కువ వడ్డించింది. సంతోషం వచ్చినప్పుడు ఆవిడ చేసే హడావుడి అంతే.

చక్రికీ లాస్యకీ బ్రిటిష్ పాస్‌పోర్టులు. వాళ్ళకి ఇటలీ అంటే టికెట్ కొనుక్కుని విమానం ఎక్కడమే. హైమది మాత్రం ఇండియన్ పాస్‌పోర్టు. ఆవిడకి వీసా కావాలి. ఒకే కంచంలో తినే ముగ్గురికి రెండు దేశాలెందుకయ్యా అంటే, దాని వెనక సాంబశివరావు అంకుల్ ఉన్నారు.

సాంబశివరావు అంకుల్ రీడింగ్ తెలుగువాళ్ళందరికీ పెద్దదిక్కు. రిటైరైన ఇంజనీరు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ సలహా ఇస్తారు, తేడా చూపించరు. ఆరేళ్ళ కిందట, అందరూ పౌరసత్వానికి కాగితాలు పెట్టుకుంటున్న రోజుల్లో, ఒక సత్యనారాయణ వ్రతంలో ప్రసాదం తింటూ చక్రికి చెప్పారు.

"ఒరే అబ్బాయ్, ఇంట్లో ఒక్కరన్నా ఇండియన్ పాస్‌పోర్టు మీద ఉండాలిరా. రేపు ఒంగోలు దగ్గర పొలం కొనుక్కోవాలనుకున్నావనుకో, బ్రిటిష్ వాడికి రిజిస్ట్రేషన్ చెయ్యరు."

చక్రికి ఆఫీసు పని మీద జర్మనీ వెళ్ళాల్సి వస్తుంది. లాస్యకి స్కూలు ట్రిప్పులుంటాయి. "ఇంట్లో ఉండేది నువ్వే కదా హైమా," అన్నాడు. అలా రాబోయే పొలానికి హైమని ముందే కంచెగా వేశారు.

నాలుగేళ్ళ తర్వాత ఒంగోల్లో ఒక లాయరుగారు చల్లగా చెప్పాడు: దేశం బయట కాపురం ఉండేవాళ్ళకి, ఏ పాస్‌పోర్టయినా సరే, వ్యవసాయ భూమి కొనే వీల్లేదు, వారసత్వంగా వస్తే తప్ప. ఈ మాట చెబితే సాంబశివరావు అంకుల్, "ఏమిటో, ఈ రూల్స్ మార్చేస్తుంటారు," అన్నారు. రూలు ఆయన పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అదే. పొలమూ రాలేదు, పాస్‌పోర్టూ మారలేదు. హైమ పౌరసత్వ పరీక్షకి కొన్న పుస్తకం ఫ్రిజ్ మీద పడి ఉంది. దాని మీద ఇప్పుడు అరటిపళ్ళు పెడుతున్నారు.

సరే, వీసాకి అర్జీ. రీడింగ్ ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో దీనికొక ఉత్తరం నమూనా ఉంది. పదేళ్ళుగా అందరూ పేరూ ఊరూ మార్చి అదే పంపుతారు. ఆరు వాక్యాలు. అందులో నాలుగు "తిరిగి వచ్చేస్తాను" అనే.

హైమకి అది నచ్చలేదు. చరిత్ర చదివిన మనిషి. సొంతంగా, ఇంగ్లీషులో, రెండు పేజీలు రాసింది. సూరచేపల పీపాల గురించి రాసింది. బురుజు గురించి రాసింది. "కట్ట చివరి మలుపు అవతల ఏముందో చూడాలని చాలాకాలంగా కోరిక. అది చూసేదాకా నాకు మనసు నిలవదు," అని ముగించింది. రాసి, తనకి తనే రెండుసార్లు చదివి వినిపించుకుంది కూడా.

ప్రయాణం ఇంకా పది రోజులుందనగా పాస్‌పోర్టు తిరిగొచ్చింది. వీసా లేదు. ఒక కాగితం ఉంది. ఆ కాగితం మీద వరసగా గళ్ళు, ఒక గడిలో టిక్కు. గడువులోగా ఈమె వెనక్కి వెళ్ళిపోతుందన్న నమ్మకం మాకు కలగలేదు, అని దాని తాత్పర్యం.

చక్రి ఆ రెండు పేజీల నకలు తీసి మొదటినుంచి చివరిదాకా చదివాడు.

"ఇందులో తిరిగొస్తానని ఎక్కడ రాశావు?"

హైమ కూడా వెతికింది. ఎక్కడా లేదు.

"ఎవరు రాయమన్నారు ఈ కావ్యం? ఊరంతా పంపే ఉత్తరం ఉందిగా, ఆరు లైన్లు!"

"మర్చిపోయానండీ."

మర్చిపోయిన మాట నిజమే. కాకపోతే హైమకి ఆ టిక్కు చూసి కొంచెం గౌరవం కూడా కలిగింది. ఈ ఇల్లూ ఈ వంటిల్లూ వదిలేసి ఈవిడ ఎక్కడికైనా పోగలదన్న అనుమానం పద్దెనిమిదేళ్ళలో ఇంట్లో ఒక్కరికి కూడా రాలేదు. ముక్కూ మొహం తెలీని ఎవరో ఆఫీసరుకి వచ్చింది.

ఇక్కడ హైమ పుట్టింటి మర్యాద ఒకటి చెప్పాలి. బాపట్లలో వాళ్ళింట్లో మూడుసార్లు అడుగుతారు. ఇంకాస్త వడ్డించమంటారా అంటే మొదటిసారి వద్దన్నది మర్యాద. రెండోసారి వద్దన్నది మొహమాటం. మూడోసారి కూడా వద్దంటే అప్పుడు కడుపు నిండిందన్నమాట. మూడోసారి అడక్కుండా గరిటె కింద పెట్టేసిన ఇల్లాలిని ఊళ్ళో చాలాకాలం తలుచుకుంటారు, మంచిగా కాదు. హైమ ఈ లెక్క తన డైనింగ్ టేబుల్ దగ్గరా తప్పలేదు. లాస్యకి ఎనిమిదేళ్ళప్పుడు స్కూల్లో ఏదో చెప్పి పంపితే, ఇంటికొచ్చి నడుం మీద చెయ్యేసుకుని, "అమ్మా, నో మీన్స్ నో," అని పాఠం చెప్పింది. అయినా హైమ మూడుసార్లూ అడుగుతూనే ఉంది.

ఆ సాయంత్రం ముగ్గురూ వంటింట్లో నిలబడ్డారు. టికెట్లు, హోటలు, అన్నీ బుక్కయి ఉన్నాయి.

"మీరిద్దరూ వెళ్ళండి. నాకేం," అంది హైమ, సింకు తుడుస్తూ.

"నిజంగానా?" అన్నాడు చక్రి.

"ఆఁ. నిజంగానే."

మొదటిది అయింది. రెండోదీ అయింది. హైమ సింకు తుడుస్తూ మూడోదాని కోసం ఆగింది. మూడోసారి అడిగితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది. "మీరు లేకుండా నేనొక్కదాన్నీ ఇక్కడెందుకు, అందరం వేల్స్ పోదాం, దానికి వీసా అక్కర్లేదు," అనాలని. సింకు మెరిసిపోతోంది.

"సరే అయితే, చెకిన్ చేసేస్తా," అన్నాడు చక్రి.

"యు ఆర్ ద బెస్ట్, అమ్మా," అని లాస్య వెనకనుంచి వాటేసుకుంది.

మర్నాడు ఈ సంగతి విని, మూడిళ్ళ అవతలుండే మానస నోరు తెరిచింది. మానసది వరంగల్. మొహమాటం అనే జబ్బు ఆవిడకి లేదు.

"ఏందక్కా! నువ్వు పొమ్మంటే పోతరా? గట్లెట్ల పోతరు?"

"నేనే వెళ్ళమన్నాను మానసా."

"గది ఉత్తగ అంటం గదా!"

"ఉత్తగ అన్నట్టు వాళ్ళకి తెలియాలిగా."

"మరి తెల్వకుంటె నోరు దెర్చి చెప్పరాదు?"

హైమ స్టవ్ వైపు నడిచింది. నోరు తెరిచి చెప్పాక చేస్తే, అది ఇంక వాళ్ళు చేసింది కాదు. ఇది మానసకి విప్పి చెప్పాలంటే ఒక పూట పడుతుంది, అవతల పాలు పొంగుతున్నాయి.

అయితే ఒక్కటి మాత్రం నోరు తెరిచే అడిగింది. ఒక తెల్లకాగితం మీద దారి రాసింది. బస్సు నంబరు, రొట్టెల కొట్టు, మెట్లు, నీలం పడవ, కట్ట, బురుజు. "బురుజు దాటి కుడివైపు మలుపు. నలభై అడుగులు ఉండొచ్చు. అక్కడ నిలబడి నాకు వీడియో కాల్ చెయ్యండి." నాలుగు మడతలు పెట్టి చక్రి చేతికిచ్చింది.

"ఇంకేం తేవద్దు. చాక్లెట్లు వద్దు, ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలు వద్దు. ఆ మలుపు అవతల ఏముందో చూపించండి. అంతే."

"ప్రామిస్, అమ్మా," అంది లాస్య. పద్దెనిమిదేళ్ళ పిల్ల ప్రామిస్ అంటే నమ్మాలి. హైమ నమ్మింది.

శనివారం వాళ్ళు వెళ్ళారు. ఇంట్లో అరగ్లాసు బియ్యం ఉడుకుతుంటే అదేదో జబ్బుచేసిన వాళ్ళకి వండుతున్నట్టనిపించింది. ఆదివారం ఫోన్ చేశారు, ప్రయాణం బడలిక. సోమవారం హోటల్లో స్విమ్మింగ్ పూలు చూపించారు. పూలు నిండా మనుషులు, పులుసులో ముక్కల్లా. మంగళవారం బస్సు తప్పిపోయింది. బుధవారం ఎండ.

"నలభై డిగ్రీలు హైమా! ఒంగోలు నయం," అన్నాడు చక్రి. "ఇక్కడ హోటల్లో బఫే మటుకు బ్రహ్మాండంగా ఉంది. వంకాయ కూడా పెడుతున్నారు."

"వంకాయకి సిసిలీ దాకా వెళ్ళారన్నమాట."

"రేపు తప్పకుండా వెళ్తాం. సాయంత్రం అయిదుకల్లా అక్కడుంటాం. నీకు నాలుగు."

గురువారం హైమ మూడింటికే తలదువ్వుకుంది. ఉతికిన చుడీదార్ వేసుకుంది. ఎదురుగా సముద్రం కదా, బొట్టు కొంచెం పెద్దది పెట్టుకుంది. ఫోన్ని ఆవకాయ జాడీకి ఆనించి నిలబెట్టింది. మానస ఏదో పనుండి తలుపు కొడితే, "ఇప్పుడు కాదు, ఊళ్ళో ఉన్నాను," అని పంపించేసింది.

నాలుగయింది. నాలుగున్నరయింది. తను కూడా మ్యాపులో వాళ్ళ వెంట నడుద్దామని తెరిచింది. బస్సు, రొట్టెల కొట్టు, మెట్లు. ఇప్పుడు నలభయ్యో మెట్టు దగ్గరుంటారు. ఇప్పుడు రేవు. ఎండకి చక్రి పడవ నీడలో కూర్చుంటానంటాడు, లాస్య లాక్కెళుతుంది. ఇప్పుడు కట్ట. అయిదయింది. బురుజు దగ్గర ఆగి, బాణం లేని చోట నిలబడి, హైమ ఎదురుచూసింది.

ఆరింటికి ఫోన్ టింగుమంది. కాల్ కాదు, లాస్య దగ్గర్నుంచి ఫొటో. కింద, "మారవెక్కియా! సో ప్రెటీ అమ్మా. సిగ్నల్ లేదు, సారీ, కాల్ చెయ్యలేకపోయాం," అని, మూడు గుండె బొమ్మలు.

రాతిమెట్లు. పిట్టగోడ. తీగ. తీగ మీద రెండు ఎర్ర తువ్వాళ్ళు, ఒంటి మేజోడు.

హైమ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసింది. మెట్టు మీద ముసలాయన్ని కోసేశారు. కానీ ఆయన నీడని కొయ్యడం మర్చిపోయారు. కాలు ఎత్తి, దించబోతున్న నీడ. సాయంత్రం అయిదింటికి తీసిన ఫొటోలో పొద్దుటి ఎండ.

ఎప్పుడు తీశాడో ఆ పుణ్యాత్ముడు, ఎన్నేళ్ళయిందో, ఆ తువ్వాళ్ళు ఇంకా ఆరలేదు.

చుడీదార్ మార్చుకోకుండా అలాగే కుర్చీలో కూర్చుంది. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. కష్టపడి చేసిన అబద్ధమే కదా. ఆ మెట్ల దాకా మ్యాపులో వెతుక్కుంటూ వెళ్ళి, బొమ్మ పట్టుకుని, అంచులు కోసి పంపింది పిల్ల. బస్సెక్కడానికి పట్టే ఓపికలో సగమైనా పట్టి ఉంటుంది.

ఏడింటికి కాల్ వచ్చింది. తండ్రీకూతుళ్ళు హోటల్ గదిలో, తడి తలలతో.

"ఎలా ఉంది మీ ఊరు? చూశావుగా ఫొటో!" అన్నాడు చక్రి.

"చాలా బాగుంది," అంది హైమ. "మెట్ల కింద గోధుమరంగు కుక్క ఉంటుంది, ఒక చెవి వాలిపోయి. కనిపించిందా?"

మారవెక్కియా మొత్తంలో కుక్క అన్నది లేదు. హైమ ప్రతి సందూ తిరిగింది.

లాస్య ఒక్క క్షణం తండ్రి వైపు చూసింది. "యా, సో క్యూట్! మాతోనే వచ్చింది కొంచెం దూరం."

"మరి మలుపు? బురుజు అవతల?"

గదిలో ఏసీ చప్పుడు వినిపించింది.

"ఏం లేదమ్మా," అంది లాస్య. "జస్ట్ గోడ."

"అవును, గోడే," అన్నాడు చక్రి. "నువ్వేదో ఊహించుకున్నావు గానీ, నిజంగా ఏం లేదక్కడ. నువ్వు మిస్సయిందేం లేదు హైమా."

ఓదార్పుగానే అన్నాడు. అదే ఇంకా భరించలేకపోయింది.

శనివారం తిరిగొచ్చారు. హైమ సూట్‌కేసులు విప్పి బట్టలు మెషీన్లో వేసేముందు అలవాటుగా ఒక్కొక్కటీ దులిపింది. ఒక్క ఇసుకరేణువు రాల్లేదు. ఉప్పు వాసన లేదు, స్విమ్మింగ్ పూలు వాసన ఉంది. చక్రి నిక్కరు జేబులో తను రాసిచ్చిన కాగితం దొరికింది. తను పెట్టిన నాలుగు మడతలు తను పెట్టినట్టే ఉన్నాయి. విప్పితే కదా నలిగేది. దాన్ని తీసుకెళ్ళి టేకవే మెనూలు పెట్టే సొరుగులో పడేసింది.

ఆ తర్వాత పదకొండున్నరకి హైమ మ్యాపు తెరవలేదు. రెండుసార్లు తెరవబోయింది. ఆ తువ్వాళ్ళు గుర్తొచ్చి ఆగిపోయింది. అంతకు ముందు ఆ ఊళ్ళో తనకి తెలియనిది ఒక్కటే ఉండేది. ఇప్పుడు అక్కడ వాళ్ళు గోడ కట్టేశారు. ఆ గోడ లేదని తనకి తెలుసు. ఉండొచ్చని కూడా తెలుసు. ఇంక బాణం దొరికినా అటు వెళ్ళబుద్ధి కాదు.

సెప్టెంబర్లో, లాస్యని నాటింగ్‌హామ్‌లో దింపడానికి ఇంకా రెండు రోజులుందనగా, ముగ్గురిని భోజనానికి పిలిచారు. సాంబశివరావు అంకుల్, మానసా, ఆమె భర్తా. గుత్తివంకాయ, పులిహోర, పప్పుచారు, పెరుగన్నం. హాల్లో లాస్య అట్టపెట్టెలు, కొత్త ప్రెషర్ కుక్కరు, ఇంకా విప్పని దుప్పట్లు.

"ఏరా చక్రీ, సమ్మర్‌లో ఇటలీ వెళ్ళారటగా," అన్నారు అంకుల్, వంకాయ తొడిమ చీకుతూ. "ఎలా ఉందేంటి?"

"అద్భుతం అంకుల్. మారవెక్కియా అని పాత ఊరు. డెబ్భై రెండు మెట్లు దిగాలి. నాలుగొందల ఏళ్ళ కట్టడం ఉంది, చేపల్ని ఉప్పేసేవాళ్ళట."

హైమ గరిటె పట్టుకుని నిలబడి వింది. మాటకి మాట తను నెలల తరబడి ఇంట్లో చెప్పినవే. అంటే ఆ రోజుల్లో విన్నాడన్నమాట. వినడని అనుకునేది.

"చివర్న ఒక బురుజు అంకుల్. దాని అవతల పెద్ద గోడ."

"గోడేనా?" అంది మానస, హైమ మొహం చూస్తూ.

"గోడలో తలుపు సంగతి చెప్పరేం?" అంది హైమ, అంకుల్‌కి పులిహోర వడ్డిస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా. "నీలం రంగు తలుపు. మీరే కదా చెప్పారు."

చక్రి ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఆగాడు. తను చెప్పాడో లేదో గుర్తుచేసుకోబోయి, మానేశాడు.

"ఆఁ... అవును. నీలం తలుపు. చిన్నది."

"తీసి ఉందా అబ్బాయ్, వేసి ఉందా?" అన్నారు అంకుల్. ఆయనకి అన్నీ కావాలి.

హైమ చూస్తోంది. తలుపు తీసి ఉందంటాడేమో. అబద్ధంలోనైనా, తన కోసం, ఒక్కసారి తలుపు తీసి అవతల ఏదో ఒకటి పెడతాడేమో. సముద్రమో, నిమ్మచెట్టో, ఏదైనా. ఏది చెప్పినా నమ్మేద్దామని ఆ క్షణంలో నిజంగానే సిద్ధపడింది.

"తాళం వేసి ఉంది అంకుల్," అన్నాడు చక్రి, పప్పుచారు కలుపుకుంటూ.

"అంతేలే. పాత ఊళ్ళన్నీ అంతే," అన్నారు సాంబశివరావు అంకుల్.

టేబుల్ చివర లాస్య తల ఎత్తింది. తండ్రిని చూసింది, తల్లిని చూసింది. ఆ పిల్లకి తండ్రికన్నా బుర్ర చురుకు. నీలం తలుపు ఎక్కడిదో, కుక్క ఎక్కడిదో, వరసగా అర్థమవుతున్నట్టు మొహం మెల్లగా ఎర్రబడింది. నోరు తెరిచింది. మానస లాస్యనే చూస్తోంది, అంకుల్ నీళ్ళు తాగుతున్నారు. లాస్య నోరు మూసేసి కంచంలోకి చూసింది.

హైమ పెరుగన్నం గిన్నె తీసుకుని టేబుల్ చుట్టూ వచ్చింది. అంకుల్‌ని మూడుసార్లు అడిగింది. మూడోసారికి ఆయన, "ఇంత బలవంతం చేస్తే కాదంటానా," అని రెండు గరిటెలు వేయించుకున్నారు. మానసని అడగక్కర్లేదు, తనే చెయ్యి చాపింది. కూతురి దగ్గరికొచ్చి ఆగింది.

"ఇంకొంచెం వెయ్యనా?"

"వద్దమ్మా," అంది లాస్య, తలెత్తకుండా.

అలా అని ఆగింది లాస్య. కంచం మీద చెయ్యి అడ్డం పెట్టలేదు.

హైమ గరిటె గిన్నెలో పెట్టి, మూత వేసి, వంటింట్లోకి వెళ్ళిపోయింది.